చెట్టుకు చేవ ఒకచోట, ప్రాణం ఒకచోట

కట్టెల అడితిలో దుంగలను ఒకదానిమీద ఒకటి పేర్చి పెడతారు. దారిన పోయేవారికి కనిపించేవి వాటి కోసిన కొసలే. ఈసారి అటుగా వెళ్ళినప్పుడు ఒక్క నిమిషం ఆగి ఆ కొసలను చూడండి. తుమ్మదుంగ అయితే నడుమ ముదురు ఎరుపు, దాని చుట్టూ తెల్లటి పట్టీ. వేపదుంగ అయితే నడుమ లేత ఎరుపు, చుట్టూ బూడిదరంగు కలిసిన తెలుపు. టేకు అయితే నడుమ బంగారు గోధుమరంగు, చుట్టూ పాలిపోయిన పసుపు. చెట్టు మారినా వరస మాత్రం మారదు. లోపల ముదురు, బయట తెలుపు.

లోపలిదాన్ని మనవాళ్ళు 'చేవ' అంటారు. బయటిది తెల్లచెక్క. పాఠ్యపుస్తకంలో వీటికే అంతర్దారువు, రసదారువు అని పేర్లు పెట్టారు. పేర్లు బాగానే ఉన్నాయి గాని, చేవ అనే మాటలో ఉన్న రుచి వాటిలో లేదు. చేవ గలవాడు, చేవ చచ్చినవాడు అని మనుషుల గురించి మాట్లాడేటప్పుడు కూడా మనం ఈ చెట్టుమాటనే వాడుతున్నాం. బలం, సత్తువ, ప్రాణం అన్నీ అందులో ఉన్నట్టే వాడుతున్నాం.

వడ్రంగి కూడా ఆ లెక్కనే పనిచేస్తాడు. ఇరుసుకో, కాడికో తుమ్మకర్ర తీసుకుంటే ముందుగా బాడిశతో పైనున్న తెల్లచెక్కను చెక్కిపారేస్తాడు. ద్వారబంధానికి తెల్లచెక్క ఉన్న కర్ర తెస్తే, "ఇది నాలుగేళ్ళకే పుచ్చిపోతుంది" అంటాడు. ఆ మాట అక్షరాలా నిజం.

మరి చెట్టును అడిగితే ఏమంటుంది? నాకు ప్రాణం చేవలో ఉంది అంటుందా, తెల్లచెక్కలో ఉంది అంటుందా? చెట్టు మాట్లాడదు కాబట్టి రెండు రకాల చెట్లను చూసి మనమే తేల్చుకోవాలి.

మొదటిది తొర్రచెట్టు. పల్నాడు జిల్లాలో వినుకొండకూ నరసరావుపేటకూ మధ్యనున్న శావల్యాపురం మొదలుకొని తెలుగునాట ఏ పల్లెకైనా వెళ్ళండి. ముసలి చింతచెట్టో, వేపచెట్టో ఒకటి మొదట్లో పెద్ద తొర్రపడి ఉంటుంది. అందులో చిలకలు గూళ్ళు పెడతాయి, పిల్లలు దాక్కుంటారు. ఆ తొర్రలో ఒకప్పుడు ఉన్నది చేవే. కొమ్మ విరిగిన గాయంలోంచి శిలీంధ్రాలు ప్రవేశించి, ఏళ్ళతరబడి తిని, దాన్ని పొడి చేశాయి. ఇప్పుడు అక్కడ ఏమీ లేదు. అయినా చెట్టు ఏటేటా చిగురిస్తూనే ఉంది, పూస్తూనే ఉంది, కాస్తూనే ఉంది. పెద్ద గాలివాన వస్తే పడిపోతుందేమోనన్న భయం తప్ప దానికి వేరే జబ్బు లేదు.

రెండోది బర్మాలోని టేకుచెట్టు. పచ్చి టేకుదుంగ నీళ్ళలో తేలదు. అక్కడి అడవుల్లోంచి దుంగలను ఏళ్ళ మీదుగానే దిగువకు తేవాలి. అందుకని బర్మాలో ఒక పద్ధతి పాటించారు. చెట్టును నరకకుండా, మొదలు దగ్గర చుట్టూ ఒక గాడి కొట్టేవారు. బెరడునూ తెల్లచెక్కనూ పూర్తిగా తెగగొట్టి, చేవ తగలగానే ఆపేసేవారు. చేవకు ఒక్క దెబ్బ కూడా తగలదు. చెట్టు నిలబడే ఉంటుంది. కాని ఆకులు వాడి రాలిపోతాయి, చెట్టు చచ్చిపోతుంది. రెండు మూడేళ్ళు అలా నిలువునా ఎండనిచ్చి, తేలిక అయిన తరువాత పడగొట్టి నీటిలోకి తోసేవారు. మన ఇళ్ళల్లో గొప్పగా చెప్పుకునే 'బర్మా టేకు' చాలావరకు అలా ఎండి వచ్చినదే.

చూశారు గదా! చేవ మొత్తం పోయినా చెట్టు బతికింది. చేవ మొత్తం ఉండి కూడా, తెల్లచెక్క తెగితే చచ్చింది. కాబట్టి మనం చెక్కిపారేసే భాగంలోనే చెట్టు ప్రాణం ఉంది. మనం మెచ్చుకుని ఇంటికి తెచ్చుకునే చేవ, చెట్టు నిలువునా పచ్చగా ఉన్న రోజుల్లోనే చచ్చిన భాగం.

ఇది ఎలా జరుగుతుందో తెలియాలంటే చెట్టు లావెక్కే తీరు తెలియాలి. బెరడు లోపలి అంచున, చెక్కకు ఆనుకుని, కంటికి ఆనని పలుచని పొర ఒకటి ఉంటుంది. దాన్ని విభాజ్య కణజాలం అంటారు. అందులోని కణాలు చీలుతూ, బయటివైపు కొత్త బెరడునూ లోపలివైపు కొత్త చెక్కనూ తయారుచేస్తాయి. అంటే చెట్టులో అన్నిటికన్నా కొత్త చెక్క బెరడు పక్కనే ఉంటుంది. అన్నిటికన్నా పాతది నడిమధ్యన ఉంటుంది. మీ తాతగారు చిన్నప్పుడు నాటిన వేపచెట్టు నడిమిభాగంలో ఆయన చిన్ననాటి చెక్క ఇప్పటికీ అలాగే ఉంటుంది.

బెరడు పక్కనున్న ఈ కొత్త చెక్కే తెల్లచెక్క. వేళ్ళు పీల్చిన నీరు ఆకులకు చేరేది దీనిలోంచే. ఇందులో దారునాళాలు అనే సన్నని గొట్టాలు ఉంటాయి. టేకు వంటి చెట్లలో అయితే కోసిన కొసమీద ఇవి చిన్న చిన్న బెజ్జాల్లా కంటికే కనిపిస్తాయి. ఇక్కడ ఒక తమాషా ఉంది. ఈ గొట్టాలు తయారైన కణాలు తమ పని మొదలుపెట్టేముందే చచ్చిపోతాయి. లోపలి సరుకంతా కరిగిపోయి గోడలు మాత్రం మిగిలితేనే గదా గొట్టమయ్యేది! జర్మనీలోని బాన్ నగరంలో ఎడ్వర్డ్ స్ట్రాస్‌బర్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1890 తరువాతి సంవత్సరాల్లో దీన్ని పెద్ద ఎత్తున పరీక్షించాడు. 20 మీటర్లకు పైగా ఎత్తున్న ఓక్ చెట్టును మొదలంటా కోయించి, కోసిన మొదలును పిక్రిక్ ఆమ్లంలో నిలబెట్టాడు. అది కణాలను చంపే విషం. దారి పొడుగునా కణాలను చంపుకుంటూ ఆ విషం పైదాకా ఎక్కింది. నీరు పైకి పోవడానికి మాను కణాల్లో ప్రాణం అక్కర్లేదని దానితో తేలింది. ఆకుల నుంచి నీరు ఆవిరవుతూ ఉంటే, ఆ లాగుడుకు గొట్టాల్లోని నీరు తెగని దారంలా పైకి వస్తుందని 1894లో డబ్లిన్‌కు చెందిన డిక్సన్, జోలీ వివరించారు.

అయితే తెల్లచెక్కలో బతికున్నదేమిటి అని మీరు అడగవచ్చు. గొట్టాల పక్కనా, నడుమనుంచి బయటికి చక్రపు ఆకుల్లా సాగే సన్నని గీతల్లోనూ బతికున్న కణాలు ఉంటాయి. మొత్తం చెక్కలో వాటి వాటా తక్కువే. పని మాత్రం ఎక్కువ. ఆకులు తయారుచేసిన ఆహారాన్ని పిండిపదార్థంగా దాచిపెట్టడం, చిగురు వేసే కాలంలో దాన్ని బయటికి తీయడం, గాయమైనచోట క్రిములను ఆపడం, అన్నీ అవే చూసుకుంటాయి. చెట్టుకు తెల్లచెక్క నీటిగొట్టమూ అదే, ధాన్యపు గాదె కూడా అదే.

మరి అంత ఉపయోగమైన తెల్లచెక్క చేవగా ఎందుకు మారుతుంది? బతికున్న ప్రతి కణానికీ తిండి పెట్టాలి. చెట్టు ఏటా లావెక్కుతూ ఉంటే, పాత చెక్కనంతటినీ ప్రాణంతో ఉంచడం దండుగ ఖర్చు. ఆకులకు కావలసినంత నీరు మోయడానికి ఎంత తెల్లచెక్క అవసరమో అంత ఉంటే చాలు. ఒక చెట్టు మోసే ఆకులకూ దాని కాండంలోని గొట్టాల కట్టకూ ఒక నిష్పత్తి ఉంటుందని 1964లో జపాన్ శాస్త్రజ్ఞుడు షినొజాకీ, ఆయన సహచరులు చెప్పారు. బయట కొత్త పొర చేరినకొద్దీ లోపలి పాత పొర పని మానుకుంటుంది.

అది పని మానుకునే తీరు చూడదగ్గది. ఊరు విడిచి పోయేవాళ్ళు ఇల్లు సర్ది, తలుపులు బిగించి, తాళం వేసి వెళ్ళినట్టుగా ఉంటుంది. ఆ పొరలోని బతికున్న కణాలు చివరి రోజుల్లో తమ దగ్గరున్న పిండినీ చక్కెరనూ వాడుకుని కొత్త రసాయనాలను తయారుచేస్తాయి. వగరువి, చేదువి, రంగువి, విషపువి. కొన్ని జాతుల్లో, టేకులో కూడా, పక్కకణాలు బుడగల్లా ఉబ్బి గొట్టాల్లోకి చొచ్చుకుపోయి వాటిని మూసేస్తాయి. వీటిని టైలోజులు అంటారు. ఆ రసాయనాలు కణాల గోడల్లోకి ఇంకుతాయి. అప్పుడు కణాలు చచ్చిపోతాయి. చెక్కకు రంగు వస్తుంది. 'చేవదేరింది' అని మనం అనేది దీన్నే.

చేవ గట్టిగా ఉంటుంది కాబట్టి చెదలు తినలేవని చాలామంది అనుకుంటారు. చెదపురుగుకు గట్టిదనం పెద్ద అడ్డం కాదు. ఒకే చెట్టునుంచి తీసిన ఎండిన తెల్లచెక్కకూ చేవకూ బరువు మోయడంలో తేడా చాలాసార్లు ఏమంత ఉండదు. తేడా ఉన్నది రుచిలో. తెల్లచెక్క నిండా పిండి, చక్కెర. చేవ నిండా వగరు, విషం. చెక్కనుంచి పిండి రాల్చే పుచ్చుపురుగు చేసే పని చూడండి. తల్లిపురుగు తెల్లచెక్కలోని దారునాళాల బెజ్జాల్లో గుడ్లు పెడుతుంది. పిల్లలు పుట్టి, చెక్కలో దాచిన పిండిపదార్థం తింటూ తొలుచుకుపోతాయి. చేవ అంచు రాగానే ఆగిపోతాయి. అక్కడ వాటికి తిండి లేదు. ఏ జాతి చెట్టుదైనా సరే, ఎంత పేరున్న టేకుదైనా సరే, మందు పట్టించని తెల్లచెక్క నేలలో పాతితే ఎక్కువ కాలం నిలవదు.

ఈ రసాయనాలు మనకు కొత్తవి కావు. తాంబూలంలో వేసే కాచు ఉంది గదా, అది సండ్రచెట్టు చేవను చిన్న పేళ్ళుగా కొట్టి, నీళ్ళల్లో ఉడికించి, ఆ కషాయాన్ని చిక్కబరచి తీసినదే. చందనపు వాసన చేవలోనే ఉంటుంది, దాని తెల్లచెక్కకు వాసన ఉండదు. వేగిసచెట్టు చేవతో చేసిన గ్లాసులో నీళ్ళు పోసి ఉంచితే కొద్దిసేపటికి రంగు దిగుతుంది, ఎండలో పెట్టి చూస్తే నీలి మెరుపు కనిపిస్తుంది. ఆ నీళ్ళు మధుమేహానికి మందని చెబుతారు. ఆ సంగతి వైద్యులకు వదిలేద్దాం. చేవలోని సరుకు నీళ్ళలోకి దిగుతుందనడానికి మాత్రం అది మంచి రుజువు.

అన్నిటినీ మించినది ఎర్రచందనం. లోకంలో ఈ చెట్టు సహజంగా పెరిగేది తూర్పుకనుమల దక్షిణభాగంలోనే. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండలు దాని పుట్టిల్లు. పేరులో ఎరుపు ఉంది గాని చెట్టు బయటికి ఎరుపేమీ కాదు. నల్లటి పగుళ్ళ బెరడు, దాని కింద తెల్లచెక్క. శాంటాలిన్ అనే రంగు పదార్థం ఉన్న ఎర్రటి చేవ నడుమ దాక్కుని ఉంటుంది. అది నీటికన్నా బరువు, వేస్తే మునుగుతుంది. దొంగలు అడవుల్లో పడి నరికేది ఆ చేవకోసమే. చెక్కిన తెల్లచెక్కకు వాళ్ళ దగ్గర విలువ లేదు.

ఇక్కడ మీ లెక్కల పాఠం ఒకటి పనికివస్తుంది. ఒక జాతి చెట్లలో తెల్లచెక్క మందం 3 సెం.మీ. ఉంటుందనుకుందాం. సన్నచెట్టుకైనా లావుచెట్టుకైనా అంతే అనుకుందాం. నిజానికి కొంత అటూ ఇటూ అవుతుంది, లెక్క సులభం కావడానికి అలా పెట్టుకున్నాం. 6 సెం.మీ. వ్యాసార్ధం ఉన్న లేతచెట్టులో చేవ వ్యాసార్ధం 3 సెం.మీ. వృత్త వైశాల్యం వ్యాసార్ధపు వర్గాన్ని బట్టి ఉంటుంది. 36 పాళ్ళలో చేవ 9 పాళ్ళు, అంటే 25 శాతం. వ్యాసార్ధం 15 సెం.మీ. అయితే? 225 పాళ్ళలో చేవ 144, అంటే 64 శాతం. వ్యాసార్ధం 30 సెం.మీ. అయితే 900లో 729, అంటే 81 శాతం.

ఈ లెక్కను తిప్పి చూడండి. 15 సెం.మీ. చెట్టు ఒకటి ఇచ్చే చేవ, అంతే పొడవున్న 6 సెం.మీ. చెట్లు ఎన్ని కలిస్తే వస్తుంది? 144ను 9తో భాగించండి. 16! అడవిలో ముదురు చెట్లు అయిపోయి లేతచెట్ల మీద గొడ్డలి పడడం మొదలైతే, అదే బరువు సరుకుకు ఒక చెట్టు బదులు పదహారు చెట్లు పోతాయన్నమాట. ఎర్రచందనం బహు నెమ్మదిగా పెరుగుతుంది. ఆ పదహారు మళ్ళీ లావెక్కి చేవదేరడానికి దశాబ్దాలు పడుతుంది. దేశాల మధ్య దీని వ్యాపారాన్ని అదుపులో పెట్టడానికి 1995లో ఈ చెట్టును సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందపు రెండో అనుబంధంలో చేర్చారు. అందువల్ల దొంగతనం ఆగిపోలేదు.

తోటల్లో పెంచిన లేత టేకును చవకగా వస్తుందని కొనేవారు కూడా ఈ లెక్క ఒకసారి వేసుకోవడం మంచిది. టేకు అనే పేరుకు డబ్బిస్తున్నామా, చేవకు ఇస్తున్నామా అన్నది కొస చూస్తే తెలుస్తుంది. తెల్లచెక్కకు రంగు పూసి అమ్మితే మాత్రం ఎవరూ చెప్పలేరు. అందుకే పెద్దవాళ్ళు కొత్తగా కోయించి చూస్తారు.

అన్ని చెట్లకూ ఇలా రెండు రంగులు ఉండవు. బూరుగుదుంగ కొస చూస్తే ఎక్కడ తెల్లచెక్క ఆగిందో తెలియదు. కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి కూడా పేరుకు తగ్గట్టు తెల్లనిదే. మెత్తగా, తేలికగా ఉంటుంది. ఉలికి చక్కగా లొంగుతుంది, రంగు బాగా పడుతుంది. బొమ్మకు చేవ ఎందుకు?

ఇక తాడిచెట్టు సంగతి. శావల్యాపురం ప్రాంతంలో పాత ఇళ్ళకు తాడిదూలాలు, తాడివాసాలు చూసే ఉంటారు. 'చేవదేరిన తాడి' అని వాటినీ మెచ్చుకుంటారు. కాని తాడిమొద్దు కొస చూడండి. అంతా తిరగబడి ఉంటుంది. నల్లని గట్టిభాగం బయట, మెత్తని బెండు లోపల! మధ్య భాగం తీసేస్తే దోనె అవుతుంది. తాడి గడ్డిజాతికి దగ్గరి చుట్టం, ఏకదళబీజకం. దానికి తుమ్మలో ఉన్నట్టు విభాజ్య కణజాలపు పొర లేదు, ఏటా కొత్త చెక్క చేరదు. నీరూ ఆహారమూ మోసే గొట్టాలు నల్లని నారలతో కలిసి కట్టలు కట్టలుగా ఉండి, బయటి అంచున దట్టంగా, లోపల పలుచగా పరుచుకుంటాయి. కాబట్టి తాడిచేవ చచ్చిన చెక్క కాదు. ఆ కట్టల్లోని బతికున్న కణాలు చెట్టు బతికినన్నాళ్ళూ, వందేళ్ళయినా, పనిచేస్తూనే ఉంటాయి. ఒకే మాటను మనవాళ్ళు రెండు వేరు వేరు వస్తువులకు వాడారు. గట్టిగా ఉండి కలకాలం నిలిచేదల్లా వాళ్ళకు చేవే.

తెల్లచెక్కను బాగుచేసి వాడే మార్గాలు లేవా అంటే ఉన్నాయి. తుమ్మదుంగలనూ వెదురునూ చెరువునీటిలో కొన్ని వారాలు నానవేయడం పల్లెల్లో పాత అలవాటు. నీటిలో చక్కెర కరిగిపోతుంది, పిండిని సూక్ష్మజీవులు తినేస్తాయి. తరువాత వచ్చిన పుచ్చుపురుగుకు తినడానికి మిగలదు. పెద్ద ఎత్తున ఇదే పని వేరే విధంగా రైల్వేల కోసం జరిగింది. 1838లో ఇంగ్లండులో జాన్ బెథెల్ అనే ఆయన, ఇనుప తొట్టిలో కర్రను పెట్టి, ఒత్తిడితో క్రియోసోట్ అనే తారునూనెను దానిలోకి ఎక్కించే పద్ధతికి పేటెంటు పొందాడు. పట్టాల కింద వేసే స్లీపర్లకు అది బాగా పనికివచ్చింది. తమాషా ఏమిటంటే ఆ నూనెను చక్కగా తాగేది తెల్లచెక్కే. దాని గొట్టాలు తెరిచి ఉన్నాయి గదా! చేవ గొట్టాలు మూసుకుపోయి ఉంటాయి కాబట్టి నూనె లోపలికి దిగదు. మందు పట్టిన తెల్లచెక్క, మందు పట్టని చేవకన్నా ఎక్కువకాలం నిలవగలదు. గుంటూరు - గుంతకల్లు రైలుమార్గం శావల్యాపురం మీదుగానే పోతుంది. ఇప్పుడు అక్కడ పట్టాల కింద కాంక్రీటు స్లీపర్లు ఉన్నాయి కాబట్టి ఈ వింత చూడడానికి వీలుకాదు.

వీలయ్యేది మరొకటి ఉంది. బంజర్లనిండా పెరిగే సర్కారు తుమ్మను వంటచెరకుకూ బొగ్గుకూ రోజూ నరుకుతూనే ఉంటారు. చేతిమణికట్టంత లావున్న పచ్చికొమ్మ ముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి. పెద్దవాళ్ళ చేత అడ్డంగా కోయించండి. ముళ్ళు జాగ్రత్త. ముదురు గోధుమరంగు చేవ, దాని చుట్టూ సన్నని లేతపసుపు పట్టీ కనిపిస్తాయి. స్కేలుతో రెంటినీ కొలిచి చేవ ఎంత శాతమో పైన చెప్పినట్టు లెక్కకట్టండి. రెండు భాగాలనుంచీ విడివిడిగా పేళ్ళు తీసి, రెండు గ్లాసుల్లో వేడినీళ్ళు పోసి రాత్రంతా ఉంచండి. తెల్లవారేసరికి ఏ గ్లాసులో ఎక్కువ రంగు దిగిందో చూడండి. బడి ప్రయోగశాలలో అయొడిన్ ద్రావణం ఉంటే ఒక చుక్క లేతపట్టీ మీద వేయండి. పిండి నిలవ ఉన్నచోట నీలినలుపు మచ్చలు, సన్నని గీతలు వస్తాయి. చెట్టు నిండుగా చిగురించిన వెంటనే తెచ్చిన కొమ్మ అయితే మచ్చలు తక్కువగా రావచ్చు. ఎందుచేతనో ఈపాటికి మీరే చెప్పగలరు.

అలాగే, గొడ్ల చావిడిలో పాత తుమ్మగుంజను పీకేసే రోజున దగ్గరుండి చూడండి. నేలమట్టం దగ్గర అది సన్నబడి ఉంటుంది. అక్కడ పోయినది ఏది, మిగిలినది ఏది?